సూర్యకళకు చేపలే నప్పుతాయన్నాడు

“కుక్కపిల్ల కావాలండి” అంది సూర్యకళ.

“మీకు కుక్కపిల్ల నప్పదండి” అన్నాడు దుర్గాసాయి.

కొనడానికి వచ్చినవాళ్లతో తగువు పెట్టుకునే షాపు నరసాపురం మొత్తానికి అదొక్కటే. మనిషి నడకా మాటా చూసి, ఎవరికి ఏ జీవి నప్పుతుందో చెప్పగలనని దుర్గాసాయికి గట్టి నమ్మకం. ఆ పిచ్చి తండ్రి నుంచి వచ్చింది. భీమవరం పక్క పల్లెలో భీమరాజుగారంటే పందెం కోళ్ల దగ్గర పెద్ద పేరు. ఆసామి ఇంకా వాకిట్లో చెప్పులు విడుస్తుండగానే, ఇతగాడికి ఎర్ర డేగ కలిసొస్తుందో నల్ల కాకి కలిసొస్తుందో కోడి రంగు చెప్పేసేవారాయన. కొడుకు కోళ్లను వదిలేసి కుక్కపిల్లలు, లవ్ బర్డ్స్, రంగు చేపలు పెట్టుకున్నాడు. చెప్పడం మాత్రం మానలేదు.

“నేను కుక్కపిల్లని అడిగానండి. జాతకం అడగలేదు” అంది సూర్యకళ.

దుర్గాసాయి ఓపిగ్గా వివరించాడు. ఆవిడ లోపలికి వస్తూనే కర్చీఫుతో చేతులు తుడుచుకుంది. బోనులోంచి పామరేనియన్ పిల్ల నాకబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది. మొహంలో నవ్వన్నది లేదు. ఇలాంటివాళ్లకు దూరం నుంచి చూసుకోవడం ఇష్టం, ఒళ్లోకి ఎక్కి ఊపిరాడనివ్వని జీవి పనికిరాదు, కాబట్టి గోల్డ్ ఫిష్ పట్టుకెళ్లమన్నాడు.

 వాదించే ఓపిక లేనట్టు ఆమె గోల్డ్ ఫిష్ జంట, గాజు తొట్టి కొనుక్కుని వెళ్లిపోయింది. తన అంచనా మళ్లీ గెలిచిందని దుర్గాసాయి కాలరు సర్దుకున్నాడు.

ఆ శనివారం చేపల మేత కోసం వచ్చింది. పై శనివారమూ వచ్చింది. మాటల్లో తెలిసిందేమిటంటే, వాళ్లది గోదావరికి అవతలి ఒడ్డున సఖినేటిపల్లి. రోజూ పొద్దున్నే పంటు ఎక్కి ఏరు దాటి వచ్చి, లేసు అల్లికలు ఎగుమతి చేసే ఆఫీసులో పనిచేస్తుంది. తెల్లటి టేబుల్ క్లాత్ మీద వేలిముద్ర పడినా సరుకు వెనక్కి వచ్చేస్తుంది కాబట్టి చేతులు తుడుచుకోవడం ఆమెకు అలవాటైపోయింది. ఇది విన్నాక కూడా దుర్గాసాయి తన తీర్పు మార్చుకోలేదు. తీర్పు చెప్పేవాళ్లకు అదే జబ్బు.

“వారానికో ప్యాకెట్ వేస్తే చేపలు పొట్ట పగిలి చస్తాయండి” అన్నాడొకసారి.

“వాటికి ఆకలెక్కువండి” అని ఆమె చిలకల వైపు మొహం తిప్పుకుంది.

ఇంకెవరైనా అయితే అర్థం చేసుకునేవారు. ఇతను చిటికెడంటే ఎంతో చూపించి, పూటకు ఎంత వెయ్యాలో పాఠం చెప్పాడు.

ఒక సాయంత్రం పెద్ద వాన పట్టుకుని పంటు ఆగిపోయింది. సూర్యకళ షాపులోనే కూర్చుండిపోయింది. రేకుల మీద వాన చప్పుడుకు చిలకలు గోల చేస్తుంటే, వాటిని మించి దుర్గాసాయి కబుర్లు చెప్పాడు. మీ నాన్నగారు మీకు ఏ కోడి నప్పుతుందన్నారని అడిగిందామె. కోళ్ల జోలికే వెళ్లొద్దన్నారండి అన్నాడతను. అప్పుడు నవ్వింది. చున్నీ అంచు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగని నవ్వు. ఆ నవ్వుతోనే దుర్గాసాయి పని అయిపోయింది.

ఆమె అంటే ప్రాణం అయిపోయింది గానీ, పైకి చెప్పలేకపోయాడు. అడ్డుపడింది తన తీర్పే. గాజు అవతల నుంచి చూసుకునే మనిషికి, చొక్కా నిండా కుక్క వెంట్రుకలతో నోరు మూయకుండా వాగే తనెలా నప్పుతాడు? నప్పని జీవిని ఎవరికీ అంటగట్టనన్న పట్టుదల తన విషయంలోనూ పాటించాడు మహానుభావుడు.

దసరా వెళ్లాక, శనివారం కాని రోజున వచ్చిందామె.

“సంబంధం వచ్చిందండి. తణుకు. అబ్బాయి నెమ్మదస్తుడట, పది మాటలకి ఒక మాట మాట్లాడతాడట.” చేతులు తుడుచుకోలేదు, చిలకల వైపు చూడలేదు. అతని మొహంలోకే చూస్తోంది. “మీరు మనుషుల్ని చూసి చెబుతారు కదా. నాకు నప్పుతుందంటారా?”

నప్పదని చెప్పేద్దామని దుర్గాసాయికి నోటిదాకా వచ్చింది. కానీ ఆమె అడిగింది అతని విద్యని. ఆ విద్య దగ్గర అబద్ధం చెప్పకూడదనుకున్నాడు.

“చక్కగా నప్పుతుందండి” అన్నాడు.

 “అయితే సరేనండి” అని, మేత తీసుకోకుండానే వెళ్లిపోయింది.

తరవాత శనివారాలు వచ్చాయి గానీ సూర్యకళ రాలేదు. ఫోన్ చేద్దామంటే నెంబరు తెలియదు, ఆఫీసుకు వెళ్దామంటే ధైర్యం చాలలేదు. చివరికి ఒక ఆదివారం షట్టర్ దించేసి పంటు ఎక్కాడు.

రేవు దగ్గర సూర్యకళ వాళ్ల నాన్న అప్పాజీగారి ఇల్లెక్కడని అడిగితే కొబ్బరితోట చూపించారు. గేటు దగ్గరే అతని కాళ్లు ఆగిపోయాయి. పెరట్లో సూర్యకళ పీట మీద కూర్చుని ఉంది. లేగదూడ ఒకటి ఆమె మెడ నాకుతోంది. ఒళ్లో పిల్లి పడుకుంది. చున్నీ నములుతున్న మేకపిల్లని తిడుతూనే దాని మెడ నిమురుతోంది. ఇంత మందిని మీదికెక్కించుకునే మనిషికి తను చేపల్ని అమ్మాడు.

అతన్ని చూసి లేచింది. కుర్చీ వేసింది. వాళ్లమ్మ సుబ్బాయమ్మగారు కాఫీకని లోపలికి వెళ్లారు.

“మీకు కుక్కపిల్ల నప్పదన్నాను” అన్నాడు దుర్గాసాయి.

“మీ షాపుకి వచ్చిన రోజుకి మా టామీ పోయి వారం కాలేదండి. చిన్నప్పటి నుంచీ నాతో పెరిగింది. ఆ పిల్లని ముట్టుకుంటే అక్కడే ఏడ్చేస్తానని చెయ్యి వెనక్కి తీసుకున్నాను.”

ఏడుపు బిగబట్టుకున్న మొహాన్ని చూసి, ప్రేమ లేని మొహమనుకున్నాడు తను. ఇంక దాచుకోవడానికి అతని దగ్గర ఏమీ మిగల్లేదు.

“సంబంధం సంగతి కూడా తప్పే చెప్పానండి. మీరంటే నాకు చాలా ఇష్టం. ఎప్పట్నుంచో.”

సూర్యకళ దూడ చెవులు సవరించింది.

“అలా అడిగితేనన్నా వద్దంటారనుకున్నానండి” అంది. “నిన్ననే తాంబూలాలు పుచ్చుకున్నారు. ఆ అబ్బాయి ఎంతో సంతోషంగా ఉన్నాడు. ఇప్పుడతనికి నేనేం చెప్పనండి?”



సుబ్బాయమ్మగారు కాఫీ గ్లాసులతో వచ్చారు. “మనుషుల్ని చూసి చెప్పేది నువ్వేనా బాబూ? మేమిద్దరం ఎంత బతిమాలినా ఊ అన్లేదు. షాపులో ఆయన నప్పుతుందన్నారమ్మా అని, ఆ సాయంత్రమే ఒప్పుకుంది. నీ నోటి చలవే. పెళ్లికి తప్పకుండా రావాలి.”

వస్తానండి అన్నాడతను. కాఫీ రుచి తెలియలేదు. లేచి నిలబడితే ఆవిడ దగ్గరకొచ్చి అతని తల మీద చెయ్యి వేశారు.

“చల్లగా ఉండు నాయనా. మా పిల్లకి మంచి చేశావు, నీకూ మంచి పిల్ల దొరుకుతుంది.”

సూర్యకళ ఖాళీ గ్లాసు అందుకుని లోపలికి వెళ్లిపోయింది.