మామ్మ కుర్చీలో దిండు

"అర్థమైందా?" అంది అమ్మ వినీల, ఒక కాలికి చెప్పు వేసుకుంటూ, రెండోది వెతుక్కుంటూ.

"అర్థమైంది," అంది తబిత. తల కూడా ఊపింది.

అమ్మ గబగబా గేటు దాటి వెళ్లిపోయింది. కొవ్వూరు నుంచి రాజమండ్రి వెళ్లి, మామ్మకి మందులు తేవాలి. మళ్లీ సాయంత్రానికి గానీ రాదు.

తబిత వరండాలో నిలబడి పేము కుర్చీని చూసింది. కుర్చీలో ఉన్న దిండుని చూసింది. అమ్మ చెప్పినవన్నీ గుర్తున్నాయి. తడిగుడ్డ, నీడ, ఎండ, దులపడం. ఒకదానికి ఎండ తగలకూడదు. ఒకదానికి నీళ్లు తగలకూడదు. కానీ ఏది దేనికి? అమ్మ చెబుతున్నప్పుడే మందుల చీటీ కనబడలేదు, ఫోన్ మోగింది, బస్సు టైమైంది. మళ్లీ చెప్పమంటే, "అయిదో క్లాసుకొచ్చావు, ఇంకా ఇదేంటే?" అంటుందేమో. అందుకే తలూపేసింది.

మామ్మని అడుగుదామంటే మాత్ర వేసుకుని పడుకుంది.

మామ్మ పేరు సంపూర్ణమ్మ. రెండు నెలల క్రితం బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి చర్చికి వెళ్లలేదు. అందుకే రేపు ఆదివారం సాయంత్రం చర్చివాళ్లే ఇంటికొస్తున్నారు. వరండాలోనే ప్రార్థన కూటం. మామ్మ ఎత్తుగా కూర్చోవాలని డాక్టరు గట్టిగా చెప్పారు. ఆ పేము కుర్చీ, దాని మీద ఈ లావుపాటి దిండు ఉంటేనే ఆమె కూర్చోగలదు. లేకపోతే లోపల మంచం మీద పడుకుని, గోడ అవతల నుంచి పాటలు వినాల్సిందే.

దిండు మీద కాకి రెట్ట ఉంది. కొబ్బరినూనె మరక కూడా ఉంది. మురికిగా ఉన్నదాన్నే కదా ఉతకాలి?

పక్కింటి లక్ష్మీదుర్గ ఆంటీ వాళ్ల వాకిట్లో కుర్చీల మీద పైపుతో నీళ్లు కొడుతోంది. వాళ్లవి ప్లాస్టిక్ అల్లిక కుర్చీలు.

"ఆంటీ, దిళ్లు కూడా ఉతుకుతారా?" అని గోడ మీంచి అడిగింది తబిత.

"ఉతక్కపోతే ఎలాగమ్మా? సర్ఫులో ముంచి, పిండి ఆరేస్తాను. మీదీ స్పాంజేనా?"

స్పాంజో కాదో తబితకి తెలీదు. లోపల ఏముందో ఎప్పుడూ చూడలేదు. అయినా తలూపింది.

"అయితే ఇంకేం, ముంచెయ్," అంది ఆంటీ.

హమ్మయ్య, తేలిపోయింది! దిండుకి నీళ్లు. అంటే కుర్చీకి ఎండ.

కుర్చీని ఈడ్చుకెళ్లి వాకిట్లో పెట్టింది. ఏప్రిల్ ఎండ చుర్రుమంటోంది. తర్వాత పెద్ద బకెట్‌లో సర్ఫు వేసి, నురగ వచ్చేదాకా కలిపి దిండు ముంచింది.

దిండు మునగలేదు. నొక్కితే లోపలికి పోయి, వదిలితే పైకి తేలింది. ఇదేం దిండు? చివరికి వంటింట్లోంచి పచ్చడిబండ తెచ్చి దాని మీద పెట్టింది.

అరగంట తర్వాత తీయబోతే లేవనే లేదు. రెండు చేతులతో లాగి, గట్టు మీద వేసి పిండింది. లోపలున్నది ఒక మూలకి జారి ఉండలు కట్టింది. మిగతా దిండంతా ఖాళీ సంచిలా వేలాడింది.

అప్పుడే వాకిట్లో 'టిక్' మని చప్పుడైంది. కుర్చీ చేతి దగ్గర ఒక పేము బద్ద పైకి లేచి నిలబడింది.

తబితకి ఏమీ తోచలేదు. మురికిదాన్ని ఉతికింది. ఇంకోదాన్ని ఎండలో పెట్టింది. మరి రెండూ ఎందుకిలా అయ్యాయి?

"తబితా! నా దిండేదే?"

వాకర్ టకటకలాడించుకుంటూ మామ్మ గుమ్మంలోకి వచ్చింది. ముందు ఖాళీ వరండా చూసింది. ఎండలో కుర్చీని చూసింది. తర్వాత నీళ్లోడుతున్న దిండుని చూసింది.

తబిత తడిచేతులు వెనక్కి పెట్టుకుంది. "ఉతికాను మామ్మా."

"బూరుగుదూది దిండునా?"

"బూరుగుదూదా?"

మామ్మ బకెట్‌లోకి తొంగి చూసింది. "ఆ పచ్చడిబండ అక్కడెందుకుంది?"

"మునగలేదు మామ్మా. అందుకని..."

మామ్మ పెదవులు బిగించింది. అయినా నవ్వు ఆగలేదు. "పాపం, అది వద్దు వద్దని పైకి తేలుతుంటే బండ పెట్టి ముంచావన్నమాట! ముందు ఆ కుర్చీ నీడలోకి లాగు. తర్వాత కత్తెర, నా పాత చీర, దోమతెర పట్రా."

మామ్మ మంచం మీద కూర్చుని చెప్పింది, తబిత చేసింది. కుట్టు విప్పింది. తడిదూది బయటికి తీసి, మంచినీళ్లలో జాడించి పిండింది. వాకిట్లో చీర పరిచి దూది ఆరేసింది. గాలికి ఎగిరిపోకుండా పైన దోమతెర కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టింది. అరగంటకోసారి వెళ్లి ఉండలు విడదీసింది. ఆరినచోటల్లా పోగులు ముక్కులోకి పోయి ఒకటే తుమ్ములు.

"బూరుగుదూదికి ఎండ కావాలే. ఎండలో వేస్తే పొంగుతుంది. తడిస్తే ముద్ద కడుతుంది," అంది మామ్మ. "పేము అలా కాదు. ఎండకి పెళుసెక్కి విరుగుతుంది."

"మరి పేము అడవిలో ఎండలోనే కదా పెరిగింది?"

మామ్మ ఆలోచించింది. మళ్లీ ఆలోచించింది.

"ఏమోనే. మా అత్తగారు చెప్పింది, నేనూ తలూపేశాను."

సాయంత్రం వినీల గేటు తీసి అక్కడే ఆగిపోయింది. "ఏంటిది? ఈ దూదేంటి?"

తబిత లేచి నిలబడింది. "నువ్వు చెప్పింది నాకు అర్థం కాలేదమ్మా. అర్థమైందన్నాను."

"ఎందుకన్నావే అలా?"

"మళ్లీ అడిగితే, ఇంకా చిన్నపిల్లవేనా అంటావని."

వినీల మందుల సంచి పక్కన పెట్టింది. చీర పక్కన చతికిలబడి తనూ ఒక ఉండ తీసుకుని విప్పడం మొదలుపెట్టింది.

ఆదివారం మధ్యాహ్నానికి దూది ఆరింది. కానీ అంతకుముందులా పొంగలేదు. కవరులో కూరి కుట్టేసరికి దిండు సగం ఎత్తే వచ్చింది. మామ్మ చెయ్యి పెట్టి చూసి తల అడ్డంగా ఊపింది. తబిత కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"బొంత వేస్తే?" అంది వినీల.

తబిత లోపలికి పరిగెత్తి పాత బొంత తెచ్చింది. నాలుగు మడతలు పెట్టి కుర్చీలో వేసి, పైన దిండు పెట్టారు. లేచిన పేము బద్దని నైలాన్ దారంతో కట్టేశారు. మామ్మ వాకర్ పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది. అటూ ఇటూ కదిలింది.

"ఎత్తు సరిపోయింది. కింద బంగాళాదుంపలు పోసినట్టుంది, అంతే."

ఆరింటికి మనుషులు రావడం మొదలైంది. వినీల ట్రేతో వంటింట్లోకీ వరండాలోకీ తిరుగుతోంది.

"తబితా, పాస్టరుగారు రాగానే ఆ చాపలు వేసి, పుస్తకాలు వీళ్లకిచ్చి, అవి వాళ్లకిచ్చి, టీ నేను చెప్పినప్పుడు, ఇవి మాత్రం చివర్లో. అర్థమైందా?"

తబిత తల సగం దాకా కిందికి వచ్చింది. అక్కడ ఆగింది.

"లేదమ్మా," అంది. వరండాలో అందరూ చూస్తున్నారు. చెవులు వేడెక్కాయి. అయినా అడిగింది. "పుస్తకాలు ఎవరికి? టీ ప్రార్థనకి ముందా, తర్వాతా?"

గుమ్మం దాటబోతున్న వినీల ఆగింది. ట్రే కింద పెట్టి వెనక్కి వచ్చింది.

"నిదానంగా చెప్పు వినీలా," అంది మామ్మ కుర్చీలోంచి, దిండు సర్దుకుంటూ. "నాకూ అర్థం కాలేదు."