పట్టుకో బండ

చీకటి పడ్డాక పట్టుకో బండ వైపు ఎవరూ పోరు. కొండమీద సిగ్నల్ టవర్‌కి వెళ్లే కాలిబాట పక్కన, నిలువునా చీలిన పెద్ద బండ అది. పొద్దు వాలితే ఆ చీలికలోంచి ఓ గొంతు వస్తుంది — "పట్టుకో... పట్టుకో..." అని. ఎవర్ని పట్టుకోమంటున్నావని ఆగి అడిగినవాడు లేడు. విన్నవాడల్లా తననే పట్టుకోమంటున్నారనుకుని కాళ్లకు బుద్ధి చెప్పాడు.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. అలాగని ఆ చీలిక దగ్గరికీ పోలేదు. నేను మ్యూజియం వ్యాన్ డ్రైవర్ని, రోడ్డు ఎక్కడ ఆగిపోతే నా ఉద్యోగం అక్కడ ఆగిపోతుంది. కాబట్టి ఇది నేను చూసింది కాదు, అక్క చెప్పగా విన్నది.

అక్క అంటే మా మ్యూజియం వెనకగదిలో పనిచేసే ఆవిడ. తుప్పు పట్టిన కత్తి తెచ్చినా, తుపాకీ తెచ్చినా, తుడిచి, నూనె రాసి, అది ఏ కాలానిదో, ఎవరు చేసిందో చెప్పడం ఆమె పని.

ఆ రోజు మధ్యాహ్నం టవర్ పని చేయిస్తున్న మేస్త్రీ ఫోన్ చేశాడు. కూలివాడి చేతిలోంచి పానా జారి చీలికలో పడిందట. లైటు వేసి చూస్తే, లోపల రాళ్ల మధ్య ఏదో పాత తుపాకీ ఇరుక్కుని ఉందట.

అక్క మొహం పాలిపోయింది. ఎందుకో నాకు తెలుసు. నాకేంటి, ఊరందరికీ తెలుసు.

అక్క వాళ్ల నాన్న, బాబాయి పడుచు వయసులో ఉండగా, ఒకే తుపాకీ పట్టుకుని ఆ కొండకి వేటకి వెళ్లారు. తెల్లారాక నాన్న ఒక్కడే దిగొచ్చాడు. తమ్ముడు చీలికలో పడిపోయాడన్నాడు. మరి తుపాకీ ఏది అన్నారు. అదీ పడిపోయిందన్నాడు.

ఆ కొండ నిండా చీలికలే. పొగమంచులో అది ఏ చీలికో ఆయన చూపించలేకపోయాడో... చూపించలేదో. అడుగున పారే వాగు బాబాయిని ఎటు లాక్కుపోయిందో ఎవరికీ తెలియలేదు. సాక్ష్యం లేదని పోలీసులు వదిలేశారు. ఊరు మాత్రం వదల్లేదు. ఆస్తి కోసం తమ్ముణ్ణి కాల్చేశాడంది. ఆస్తంటే, ఇద్దరికీ కలిపి ఓ ఇల్లు, ఓ చెక్క బీరువా.

అప్పట్నుంచీ ఆయన పేరే "తుపాకీ ఏది" అయింది. అక్కని బళ్లో "తుపాకీ ఏది కూతురు" అనేవారు. ఇన్ని పనులుండగా ఈ తుప్పు గోకే పనిలో ఎందుకు చేరావక్కా అని ఓసారి అడిగాను. "ఎప్పటికైనా ఎవరో ఒకరు దాన్ని పట్టుకొస్తారని," అంది.

ఇప్పుడాయన మంచం పట్టాడు. ఇంటికి తీసుకెళ్లిపొమ్మని డాక్టరు చెప్పేశాడు.

"నాన్న పోయేలోపు ఈ మచ్చ పోవాలి తమ్ముడూ," అంది అక్క వ్యాన్‌లో.

ఆమె బండ దగ్గరికి చేరేసరికి వెలుతురు తగ్గిపోయింది. కూలీలు అప్పటికే దిగిపోయారు. మేస్త్రీ టార్చి ఆమె చేతిలో పెట్టి దూరం జరిగాడు.

"రేపు పొద్దున చూద్దాం మేడమ్..."

"రేపటిదాకా ఆగలేనండీ."

బోర్లా పడుకుని చీలికలోకి లైటు వేసింది. తుపాకీ నిలువుగా ఇరుక్కుని ఉంది — గొట్టం పైకి, భుజానికి ఆనించే చెక్క కిందికి. చెయ్యి చాపింది. ఇనుము చల్లగా తగిలింది. లాగింది... రాలేదు.

అప్పుడు వినిపించింది.

"పట్టుకో..."

అరుపు కాదది. అరిచి అరిచి అలిసిపోయిన గొంతు.

అక్కకి పై ప్రాణాలు పైనే పోయాయి. చేతిలో తుపాకీ ఉన్నట్టుండి బరువెక్కింది — అడుగున ఎవరో దాన్ని పట్టుకుని వేలాడుతున్నట్టు. భుజం పీకేస్తోంది. మోచేతులు రాతిమీద జారుతున్నాయి. అయినా వదల్లేదు. ఎంతసేపో ఆమెకే తెలీదు.

"పట్టుకో..."

అంతలో బరువు తేలికైపోయింది. దానంతటదే అన్నట్టు తుపాకీ పైకి వచ్చేసింది.

టార్చి వేసి చూసింది. గొట్టం మీది ముద్రలన్నీ తుప్పు తినేసింది. కానీ పగిలిన చెక్కని కలిపి పట్టుకుని ఓ ఇత్తడి మడతబందు ఉంది, పువ్వులా చెక్కింది.

వాళ్లింట్లో చెక్క బీరువా తలుపుకి పైన ఒకటి, కింద ఒకటి అలాంటి మడతబందులే ఉన్నాయి. మధ్యలోది లేదు. ఎప్పుడో తుపాకీ చెక్క పగిలితే తాతయ్య దాన్ని ఊడదీసి బిగించాడట. ఆ తలుపు కాస్త పైకెత్తి తోస్తేగానీ పడదు. అమ్మ బతికున్నన్నాళ్లూ సణిగింది. నాన్న మాత్రం బాగుచేయించనివ్వలేదు.

"మాదే," అంది అక్క, ఎవరూ లేని చీకట్లో.

ఆ రాత్రే వెనకగదిలో నూనె పోసి, ఓపిగ్గా కదిపి తుపాకీ తెరిచింది. లోపల తూటా అలాగే ఉంది. దానిమీద పేల్చే సూది దెబ్బ పడలేదు. అది పేలనే లేదు.

గొట్టం పైకి ఉందంటే, తూటా ఉన్న తుపాకీ గొట్టాన్ని తన గుండెవైపు పెట్టుకుని, చీలికలోకి జారిన తమ్ముడికి చెక్క కొస అందించాడు ఆయన. అలాంటివాణ్ణి ఇన్నేళ్లూ ఏమన్నారు... వ్యాన్‌లో అక్క ఏడుస్తూనే ఉంది. నేను రోడ్డు చూస్తూ ఉండిపోయాను. ఆ ఊరు నా ఊరే కదా, నాకూ సిగ్గేసింది.

తుపాకీ పట్టుకుని ఇంట్లోకి ఒక్కతే వెళ్లింది.

"నాన్నా, తుపాకీ దొరికింది. తూటా పేలలేదు. రేపు అందరికీ చూపిస్తాను."

ఆయన మడతబందుని వేలితో తడిమాడు. చాలాసేపు తడిమాడు.

"అక్కడ... ఏమన్నా వినిపించిందా అమ్మా?"

"వినిపించింది. 'పట్టుకో' అని. బాబాయితో నువ్వన్న మాటే కదా నాన్నా, కొండకి గుర్తుండిపోయింది."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అది వాడి గొంతు."

కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

"'అన్నా, పట్టుకో' అని వాడు అంటూనే ఉన్నాడు. రాతిమీద నేనూ జారిపోతున్నా... భయమేసింది. 'వదిలెయ్‌రా' అన్నాను." కళ్లు మూసుకున్నాడు. "చిన్నప్పట్నుంచీ నా మాట ఒక్కటీ వినలేదు వాడు. ఆ ఒక్కటే విన్నాడు."

వాడి వెనకే తుపాకీ కూడా తన చేతుల్లోంచి జారిపోయిందని ఆయన అంటుంటే, అక్క దాని చెక్కని ఆయన అరచేతిలో పెట్టింది.

తెల్లవారేసరికి ఆయన లేడు. తుపాకీ చెక్క మీద వేళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. ఎవరో విడదీయబోతే అక్క వద్దంది. కాసేపు అలాగే ఉండనివ్వమంది.

అయిపోయిందనుకున్నాను. వారం తర్వాత మేస్త్రీ నాకు ఫోన్ చేశాడు. ఆ ఇంట్లో ఏం జరిగిందో అతనికి తెలీదు. నేనూ చెప్పలేదు.

"తుపాకీ తీస్తే ఆ గోల పోతుందనుకున్నాం గురూ. పోలేదు... ఇప్పుడు రెండు గొంతులు."

రెండోది ఎలా ఉందని అడిగాను.

"ముసలి గొంతు. అది 'పట్టుకో' అనగానే ఇది జవాబు చెబుతోంది."

"ఏమని?"

"పట్టుకున్నాన్రా... అని."