ఆరు రెక్కల తెర

మిసో చారు మరిగే లోపే పొయ్యి కట్టేసి, చేతిలో గరిటె ఉండగానే కినుయో ఆ మాట అనేసింది.

"రెన్‌జీ, ఇవాళ మన కొంగల తెర విడదీసెయ్. ఆరు రెక్కలూ ఈ గది గోడకే తగిలించు."

ముల్లంగి ఊరగాయ నోటి దాకా తెచ్చిన రెన్‌జి చేయి అక్కడే ఆగిపోయింది. కోడలు చినామి అన్నం గిన్నెలు సర్దుతూ మొగుడి వంకా, అత్తగారి వంకా చూసింది. ఇద్దరూ ఇద్దరే. పట్టిన పట్టు ఇద్దరిలో ఎవరూ విడిచే రకం కాదు.

కనజావా ఊళ్లో అసానో నది ఒడ్డున ఉంది వాళ్ల దుకాణం. కినుయో భర్త సోహే బతికున్నన్నాళ్లూ అక్కడ, గదిలో అడ్డంగా నిలబెట్టే బొమ్మల మడత తెరలు బాగుచేసేవాడు. ఇప్పుడు అలాంటి తెర నిలబెట్టుకునేంత చోటు ఎవరిళ్లల్లో ఉంది? అందుకే రెన్‌జి పాత తెరల రెక్కలు విడదీసి, చట్రాలు కట్టి, గోడ పటాలుగా మారుస్తున్నాడు. హోటళ్లవాళ్లూ, కొత్త ఫ్లాట్లవాళ్లూ అతని పనికోసం కాచుకుని ఉంటారు. ఆ పనిలో తనకు సాటి లేరని రెన్‌జికి గట్టి నమ్మకం. అందులో అబద్ధమూ లేదు.

"మన తెర జోలికి రాకమ్మా. నాన్న చేత్తో అతికించింది అది," అన్నాడు రెన్‌జి.

"ఊళ్లో వాళ్ల తెరలైతే విడదియ్యొచ్చు, మనది మాత్రం దేవుడా?"

"వాళ్లవి బేరానికొచ్చినవి. ఇది మీ పెళ్లప్పుడు నిలబెట్టింది. నేను పుట్టినప్పుడూ, మా పెళ్లికీ ఇదే నిలబెట్టారు. నాన్న పోయి ఏడాదైనా కాలేదు, అప్పుడే ముక్కలు చెయ్యమంటావా? నీకు మనసెలా ఒప్పిందమ్మా?"

ఆ చివరి మాట కినుయోకి తగలాల్సిన చోటే తగిలింది. నేరుగా సామాను గదిలోకి వెళ్లింది. కాసేపటికి తెరను ఈడ్చుకుంటూ వచ్చి చాప మీద పడుకోబెట్టింది. రెండో చేతిలో సోహే కాగితాలు కోసే కత్తి ఉంది.

"అత్తయ్యా!" చినామి పరుగెత్తుకొచ్చింది.

"నువ్వుండమ్మాయ్. వాడు చెయ్యకపోతే నేనే చేస్తా." రెక్కకూ రెక్కకూ మధ్య ఉన్న కాగితం కీలును వేలితో నొక్కి చూసింది కినుయో. "అబ్బో, నా మోకాళ్ల కన్నా దీని కీళ్లే నయం."

రెన్‌జి లేచొచ్చి ఆమె చేయి పట్టుకున్నాడు. "ఏంటమ్మా ఈ మొండితనం? కారణం చెప్పు, అప్పుడు చూద్దాం."

కినుయో కత్తి వదల్లేదు.

"మీ నాన్న పోయిన రోజు ఆయన తల దగ్గర దీన్ని ఎవరు నిలబెట్టార్రా?"

రెన్‌జి తల దించుకున్నాడు. "నేనే. ఆచారం కదమ్మా, పోయినవాళ్ల తల దగ్గర తెర తలకిందులుగానే పెట్టాలి."

"తప్పని నేనన్నానా? పెట్టావు. ఆ రాత్రంతా నేను ఆయన పక్కనే కూర్చున్నాను. ఎదురుగా కొంగలన్నీ కాళ్లు పైకెత్తి నేల మీదికి రాలుతున్నట్టే ఉన్నాయి. తర్వాత నువ్వు దాన్ని తిరగేసి సరిగ్గా పెట్టావు, నా కళ్లకు మాత్రం అవి తిరగలేదురా. మా పెళ్లి నాటి కొంగలు నాకిప్పటికీ తలకిందులుగానే కనిపిస్తున్నాయి." ఆమె కొంగలకేసి చూస్తూ ఉండిపోయింది. "రేపు నేను పోతే మళ్లీ దీన్నే తిరగేస్తావు. నాకది ఇష్టం లేదు. గోడకెక్కించావంటే ఇక ఎవరూ తిరగెయ్యలేరు."

అత్తగారు ఇన్నాళ్లూ సామాను గది తలుపు ఎందుకు తెరవనిచ్చేది కాదో చినామికి ఇప్పుడు అర్థమైంది.

రెన్‌జి ఆమె చేతిలోంచి కత్తి మెల్లగా తీసి పక్కన పెట్టాడు.

"దీనికి కత్తి అక్కర్లేదమ్మా. చినామీ, గోరువెచ్చటి నీళ్లూ మెత్తటి బ్రష్షూ పట్రా."

కీలు మీద కొద్దిగా తడిచేసి, ఆగి, గోటి కొనతో పైకి లేపాడు. కాగితం చిరగకుండా పొరలా లేచొచ్చింది.

"నాన్న గోధుమపిండి జిగురే వాడేవాడు. తడి తగిలితే వదిలేస్తుంది. తన తర్వాత ఎవడో ఒకడు విప్పాలి కదా, వాడు కొయ్యాల్సిన పని ఉండకూడదు అనేవాడు." రెన్‌జి రెండో కీలు తడిపాడు. "ఆ ఎవడో నేనేనని నాకిప్పటిదాకా తట్టలేదు."

కినుయో కొడుకు వీపు మీద చెయ్యి వేసింది.

సాయంత్రానికి ఆరు రెక్కలూ గోడకెక్కాయి. కుడివైపు చివర రెల్లుగడ్డిలోంచి లేచిన కొంగలు ఎడమవైపు మంచుకొండల మీదుగా సాగిపోతున్నాయి. వాటి కిందే పీట వేసుకుని కూర్చుంది కినుయో.

"చూశారా ఏమండీ, లేచాయి," అంది నెమ్మదిగా. వెంటనే గొంతు పెంచింది. "ఒరేయ్, ఆ మూడోది వంకరగా ఉంది. ఇదేనా నీ పనితనం?"

మూడోది చక్కగానే ఉంది. చినామికి తెలుసు, రెన్‌జికి ఇంకా బాగా తెలుసు. అయినా అతను భుజంతో కళ్లు తుడుచుకుని, మళ్లీ స్టూలెక్కి, దాన్ని సరిచేస్తున్నట్టు రెండు చేతులతోనూ పట్టుకున్నాడు.

"ఇప్పుడు సరిపోయిందా అమ్మా?"

"ఆ," అంది కినుయో. "ఇప్పుడు సరిపోయింది."