రాణిగారి ఉత్తరీయం, ముసలి కంప్యూటరు

"దాని మీద చెయ్యి వేశారంటే ఊరుకోను!"

స్క్రూడ్రైవర్ పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆ చెయ్యి కొత్తగా వచ్చిన టెక్నీషియన్‌ది. మూలనున్న ముసలి కంప్యూటరుకి అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడిన అమ్మాయిని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. పొద్దున్న కళ్ళు తెరిచింది మొదలు నోరు మూతపడదు, అందుకని ఆ పేరు. ఆ ఎంబ్రాయిడరీ వర్క్‌షాపు వాళ్ళమ్మది. డిగ్రీ అవ్వగానే పిచ్చుక కూడా అందులోనే చేరి, దారపు రీళ్ళ మధ్య రాజ్యం ఏలుతోంది.

"మీ అమ్మగారే ఫోన్ చేసి పిలిచారండీ," అన్నాడతను.

"అమ్మ వైద్యం చెయ్యమని పిలిచింది. పోస్ట్‌మార్టమ్ చెయ్యమని కాదు."

అతను స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని, బుద్ధిమంతుడిలా వంగి, కంప్యూటరు డబ్బాకి చెవి ఆనించాడు. కళ్ళు మూసుకున్నాడు.

పిచ్చుకకి నవ్వాగలేదు. "ఏమంటోంది డాక్టరుగారూ? జలుబా?"

"ఆయాసం. హార్డ్ డిస్క్ మూలుగుతోంది," అన్నాడు కళ్ళు తెరిచి, చాలా సీరియస్‌గా.

కళ్ళు బాగున్నాయి అనుకుంది పిచ్చుక. అనుకున్నందుకు వెంటనే తనని తాను నాలుగు తిట్లు తిట్టుకుంది.

"దీన్లో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌కి కంపెనీవాళ్ళు సపోర్ట్ ఆపేశారండీ. అంటే గోడకి ఎక్కడైనా కన్నం పడితే ఇక పూడ్చేవాళ్ళు లేరు. దొంగలకేమో ఆ కన్నం అడ్రసు తెలుసు."

"అయితే కొత్త సిస్టమ్ వేసెయ్యండి. దానికింత ఉపన్యాసమా?"

"వేస్తే మీ డిజైన్ల సాఫ్ట్‌వేర్ నడవదు. అది పాతదాంట్లోనే నడుస్తుంది. మీ కుట్టు మెషిన్ దాని మాట తప్ప ఇంకెవరి మాటా వినదు. అందుకని దీన్ని ఇంటర్నెట్‌కి దూరంగా ఉంచేద్దాం. మెయిళ్ళకి వేరే కొత్త కంప్యూటరు పెట్టుకోండి. సరేగానీ, బ్యాకప్ ఉందా?"

"లేకేం! సి డ్రైవ్‌లో ఒకటి, డి డ్రైవ్‌లో ఇంకోటి," అంది గర్వంగా.

"రెండూ ఇదే డిస్కులోనా?"

"ఊఁ."

"ఇంటి తాళంచెవి పోతే పనికొస్తుందని, రెండో తాళంచెవి కూడా అదే గుత్తికి తగిలించారన్నమాట."

పిచ్చుక నోరు తెరిచి మళ్ళీ మూసేసింది. లోపలి గదిలోంచి పకపకా నవ్వు వినిపించింది. అమ్మ మెడలో బంగారు రంగు దారం చుట్టలు వేసుకుని బయటికొచ్చింది. "మా పిల్ల నోరు మూయించిన మొదటివాడివి నువ్వే బాబూ! రా, కూర్చో."

అమ్మే విషయం చెప్పింది. రేపు సాయంత్రం నాటకశాలలో కొత్త నాటకం మొదలు. అందులో రాణి భుజాల మీంచి నేలదాకా జారే ఉత్తరీయం వీళ్ళే కుట్టాలి. బట్ట ఫ్రేములో బిగించి సిద్ధంగా ఉంది. డిజైన్ కంప్యూటరులో ఉంది. అదొక్కటే కాదు, అమ్మ ఇన్నేళ్ళూ చేత్తో గీసి కంప్యూటరులోకి ఎక్కించిన లతలు, చేపలు, హంసలు అన్నీ అందులోనే ఉన్నాయి. ఇప్పుడు అమ్మకి చూపు మసకేసింది. సన్నని గీత కనిపించడం లేదు. అవి పోతే మళ్ళీ గీసేవాళ్ళు లేరు.

"ముందు వాటికి కాపీ తీసి ఇస్తాను ఆంటీ, తర్వాతే మిగతా పని," అన్నాడతను, బ్యాగులోంచి పెన్‌డ్రైవ్ తీస్తూ. పిచ్చుక వైపు తిరిగి, "వినండి. బయటివాళ్ళ పెన్‌డ్రైవ్‌ని ఎప్పుడూ నమ్మకూడదు. ముందు చెక్ చెయ్యాలి. కస్టమర్ ఎంత మంచివాడైనా సరే, ఎంత తొందరలో ఉన్నా సరే..." అంటూనే దాన్ని గుచ్చాడు.

స్క్రీన్ ఒక్కసారి రెప్ప వేసింది. ఫోల్డర్ల మీద చిన్నచిన్న బాణం గుర్తులు మొలుచుకొచ్చాయి. లతలు నొక్కితే తెరుచుకోలేదు. హంసలు నొక్కితే తెరుచుకోలేదు. రాణి నొక్కితే సాఫ్ట్‌వేర్ మొత్తం మూతపడిపోయింది.

అతని మొహంలో నెత్తురుచుక్క లేదు. పెన్‌డ్రైవ్ బయటికి లాగి, దాని అంచునున్న బుల్లి మీట వైపు చూశాడు.

"పొద్దున్న ఇంకో షాపులో వైరస్ తీసి వచ్చానండీ. ఈ లాక్ జరిపి పెడితే ఇందులోకి ఏదీ ఎక్కదు. జరపడం మర్చిపోయాను." "తప్పు మీ కంప్యూటరుది కాదు. నాదే."

తప్పు ముసలి కంప్యూటరు మీదకి నెట్టేసి ఉంటే నమ్మేసేవాళ్ళే. ఆ మాట పిచ్చుకకి ఆ క్షణంలోనే తట్టింది. అయినా కోపం మాత్రం నషాళానికంటింది.

"నమ్మకూడదన్నారుగా బయటివాళ్ళ పెన్‌డ్రైవ్‌ని! గుచ్చుతూ చెప్పారే ఆ మాట! గుచ్చుతూ!"

"పిల్లా, తర్వాత తీరిగ్గా తిడుదువుగానిలే," అంది అమ్మ. ఆమె వేళ్ళు దారపు చుట్టని గట్టిగా నలుపుతున్నాయి. "వస్తాయా బాబూ?"

"ఈ రకం వైరస్ ఫైళ్ళని దాచేస్తుంది ఆంటీ, చెరపదు. కానీ డిస్క్ బాగా ముసలిది. అది ఆగిపోయేలోపు అంతా కొత్త డిస్కులోకి దించెయ్యాలి. అవి కనిపించేదాకా నేనిక్కణ్ణించి కదలను."

బయట వాన మొదలైంది. కిటికీ పైనున్న రేకు మీద టపటపా చప్పుడు. అతను ముసలి డిస్కుని పసిపిల్లని ఎత్తినట్టు బయటికి తీసి, తన లాప్‌టాప్‌కి తగిలించి, పక్కన కొత్త డిస్కు పెట్టాడు. ముందు వైరస్‌ని ఏరిపారేశాడు. కాపీ మొదలైంది. పచ్చగీత నత్తలా పాకుతోంది.

పిచ్చుక ఫోన్ టార్చ్ పట్టుకుని పక్కనే కూర్చుంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అమ్మ అనుమానంగా రెండుసార్లు తొంగిచూసి వెళ్ళింది.

"చెయ్యి వణుకుతోంది డాక్టరుగారూ."

"టార్చ్ కొంచెం దూరంగా పట్టుకోండి."

"వెలుగు చాలదు కదా!"

"వెలుగు చాలుతుందండీ. మీరు ఇంత దగ్గరగా ఉంటేనే వణుకుతోంది."

పిచ్చుక చేతిలో టార్చ్ గబుక్కున పైకప్పు వైపు తిరిగింది. ఇద్దరూ పైకప్పు వైపే చూశారు. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు. అయినా చాలాసేపు చూశారు.

పచ్చగీత చివరికి చేరింది. కొత్త డిస్కుని ముసలి డబ్బాలో బిగించి స్విచ్ వేశాడు. దెబ్బతిన్న సాఫ్ట్‌వేర్‌ని మళ్ళీ ఎక్కించి, దాగిన ఫైళ్ళని బయటికి రప్పించాడు. ఒక లత. దాని వెనక ఇంకో లత. చేపల గుంపు. బారులు తీరిన హంసలు. ఆఖర్న రాణి.

అమ్మ స్క్రీన్‌కి ముక్కు ఆనేంత దగ్గరికొచ్చి, వేలితో ఆ లతని తడిమింది. "ఇదిగో, ఈ ఆకు దగ్గర చెయ్యి జారింది నాకు. అదే... అదే ఇది!"

గది గదంతా ఎగిరి గంతేసింది. కుట్టు మెషిన్ మాత్రం ఉలకలేదు, పలకలేదు. డిజైన్ పంపించాం అంటుంది కంప్యూటరు. సూది కదలదు. అతను కేబుల్ ఊడదీశాడు, పెట్టాడు, మళ్ళీ ఊడదీశాడు. చెవి ఆనించి కూడా చూశాడు.

"జరగండి," అంది పిచ్చుక. మౌస్ లాక్కుని సెట్టింగులు తెరిచింది. "సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించారుగా, డిజైన్ పంపే స్పీడ్ మొదటికొచ్చేసింది. మా మెషిన్‌కి గబగబా చెబితే బుర్రకెక్కదు. నెమ్మదిగా చెప్పాలి." స్పీడ్ తగ్గించి, ఎంటర్ నొక్కింది.

టక్. టక్‌టక్. టకటకటకటక!

సూది పరుగందుకుంది. ఎర్రని పట్టు మీద మొదటి బంగారు ఆకు విచ్చుకుంది.

"గబగబా చెబితే ఎక్కదా!" అన్నాడతను. "మరి మీతో ఇన్నేళ్ళూ ఎలా వేగిందండీ?"

"దానితో ప్రేమగా మాట్లాడతాను."

"మరి మనుషులతో?"

"మనిషిని బట్టి!" అని, తన మాటకి తనే సిగ్గుపడి, వెనక్కి చూడకుండా లోపలికి పరిగెత్తింది. దారపు బుట్ట తన్నుకుని రీళ్ళన్నీ గదంతా దొర్లాయి.

మర్నాడు మధ్యాహ్నానికి ఉత్తరీయం పూర్తయింది. నాటకశాలలో వేషాలు చూసుకునే ఆవిడ వచ్చి, దాన్ని వెలుతురులో పరిచి చూసి, మెయిళ్ళకి కొత్త కంప్యూటరు పెట్టారని, బయటి ఫైళ్ళు చెక్ చెయ్యనిదే లోపలికి రానివ్వరని విని, "ఇకనుంచి మా వేషాలన్నీ మీరే కుట్టండి," అనేసింది. నాటకానికి మూడు టికెట్లు కూడా ఇచ్చింది. మూడోది ఎవరికో ఎవరూ అడగలేదు. అమ్మే ఫోన్ చేసింది.

దీపాలు ఆరాయి. తెర లేచింది. రాణి నడిచొచ్చి, సింహాసనం ముందు ఆగి, జనానికి వీపు చూపిస్తూ నెమ్మదిగా తిరిగింది. లతలన్నీ వెలుగులో ఒక్కసారిగా భగ్గుమన్నాయి. రాణి నోరు విప్పకముందే చప్పట్లు మోగాయి. అమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది, పెట్టుకుంది, మళ్ళీ తుడుచుకుంది.

"ఏమండీ," అన్నాడు అతను పిచ్చుక చెవిలో. "నిన్న మీరు మాట్లాడకుండా కూర్చున్నారే, ఆ కాసేపూ నాకు ఊపిరాడలేదు. మీరు జీవితాంతం వాగుతూనే ఉండాలి. నేను వింటూ ఉండాలి. మీరంటే నాకిష్టం."

"తిట్టినా వింటారా?"

"తిట్లకైతే ముందు సీట్లో కూర్చుంటాను."

"అయితే నాకూ ఇష్టమే."

"ఉష్!" అన్నారు వెనక వరసవాళ్ళు. "రాణిగారు మాట్లాడుతున్నారు!"

ఇద్దరూ నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు అమ్మ, కళ్ళు స్టేజి మీంచి తిప్పకుండానే, మామూలుగా అడిగింది.

"బాబూ, ఆదివారం మీ అమ్మగారూ నాన్నగారూ ఇంట్లోనే ఉంటారా?"

"ఉం... ఉంటారాంటీ. ఎందుకు?"

"ఎందుకేంటి? మా పిల్లకి నిన్ను అడగడానికి వస్తున్నాం."

సరిగ్గా అప్పుడే రాణిగారు ఏదో గొప్ప మాట అన్నట్టున్నారు, హాలు హాలంతా చప్పట్లతో దద్దరిల్లిపోయింది. ఆ మాటేంటో పిచ్చుక వినలేదు. ఆ చప్పట్లన్నీ తనకే అనుకుని, అతని చెయ్యి పట్టుకుని లేచి నిలబడింది.