టెగ్వెన్ తొలి వేషం

ఆదివారం పొద్దున్నే ఎలునెడ్ పెనం మీద ఎండుద్రాక్ష రొట్టెలు కాలుస్తోంది. ముందు రోజు కార్డిఫ్ నుంచి వచ్చిన కూతురు టెగ్వెన్ బల్ల దగ్గర కూర్చుంది. ఆమె ముందు ఒక రొట్టె ఠప్పున పడింది కానీ తల్లి నోటి నుంచి ఒక్క మాటా రాలేదు.

వెల్ష్ టీవీ సీరియల్లో టెగ్వెన్‌కి తొలి వేషం దొరికింది. బజారునంతా దబాయించే కొట్టు యజమానురాలి పాత్ర. మొదటి భాగం వచ్చినప్పటి నుంచి బెథెస్డా ఊరంతా ఎలునెడ్‌ను చూసి ముసిముసిగా నవ్వుతోంది. ఆ పాత్ర నడక, ముక్కు ఎగబీల్చడం, నడుము మీద చెయ్యేసి నిలబడడం, అన్నీ ఎలునెడ్‌వే.

“అమ్మా, నాతో మాట్లాడవా?”

“ఎందుకు, అదీ టీవీలో పెట్టుకోడానికా? ‘నిన్ను టీవీలో చూశాం, బాగా చేశావ్’ అంది పక్కింటి మిసెస్ పారీ, నలుగురిలో! నవ్వులాటకి నీకు నేనే దొరికానా?”

“నాకైతే భలే నచ్చింది!” పక్కగదిలోంచి తండ్రి ఇద్వల్ అరిచాడు.

“మీరు మాట్లాడకండి!”

టెగ్వెన్ కళ్ళు నిండాయి. “నవ్వించాలని కాదమ్మా. ఆ వేషం కోసం వచ్చినవాళ్ళంతా లండన్‌లో నటన నేర్చుకున్నవాళ్ళే. నా వంతు వచ్చేసరికి నాకు నోరు పెగల్లేదు. ‘ఈవిడ దేనికీ భయపడని మనిషి’ అన్నాడు డైరెక్టర్. నాకు తెలిసి అలాంటిదానివి నువ్వొక్కదానివే. గనిలో నాన్న కాలు విరిగి మంచాన పడ్డప్పుడు, ఇల్లు ఖాళీ చెయ్యమని ఓనరు వస్తే, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డావే! అది గుర్తొచ్చి నీలా నిలబడ్డాను. మాట దానంతటదే వచ్చింది.”

ఎలునెడ్ పొయ్యి ఆపింది.

“భయపడలేదని నీకెవరు చెప్పారే?” అంది. “ఆ రోజు నా చెయ్యి గడగడ వణికిపోయింది. వాడికి కనబడకూడదని నడుముకి అదిమి పట్టుకున్నాను. అదే అలవాటైపోయింది.”

ఆ రోజు తల్లి వెనకే నిలబడి చూసిన టెగ్వెన్‌కి ఇది ఇప్పుడే తెలిసింది. లేచివెళ్ళి తల్లిని కావలించుకుంది. “నేనదంతా పొగరనుకుని చేశానమ్మా. తప్పు చేశాను.”

“ఇంకా చాలా భాగాలున్నాయిగా, సరిగ్గా చెయ్యి.” ఎలునెడ్ కూతురి చెయ్యి తీసుకుని ఆ పిల్ల నడుముకే ఆనించింది. “ఊరికే పెట్టకు, గట్టిగా నొక్కు. ముక్కు ఎగబీల్చేది ఏడుపు దిగమింగడానికే.”

ఇద్వల్ కుంటుకుంటూ వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. ఈసారి అతనికి హాస్యం తోచలేదు.

“ఇన్నేళ్ళలో నాకొక్కసారి కూడా చెప్పలేదేం?”

“అప్పటికే మంచంలో మీరు ఏడుస్తున్నారు. నేనూ కూర్చుని ఏడిస్తే పిల్లకి ఎవరు వండి పెడతారు?”

ఇద్వల్ ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఎలునెడ్ వెనక్కి లాక్కోలేదు. అతని భుజానికి తల ఆనించి, కూతురు చూస్తుండగానే, బిగ్గరగా ఏడ్చింది.