పుట్ ఆఫ్ అంటే రద్దు కాదు

తను రాసిన మెయిల్లో ‘పుట్ ఆఫ్’ కొట్టేసి ‘పోస్ట్‌పోన్’ అని పెట్టిన హరిచందనను చూస్తే రవికిరణ్‌కి ఒళ్ళు మండింది. ముసునూరు దారిలో, ఎగుమతి కాయల్ని ఏరి పెట్టెల్లో సర్దే ఆ మామిడి ప్యాక్‌హౌస్‌లో చేరి అతనికి ఇంకా వారం కాలేదు.

కాయల నాణ్యత చూడడం అతని పని. విదేశాల కొనుగోలుదారులకు రాయడం ఆమె పని. ఎవరు రాసినా ఆమె చూశాకే బయటికి వెళ్ళాలని యజమాని బసవపున్నారావు నియమం.

“తప్పేముందండీ అందులో?”

“తప్పని కాదు. అది మాట్లాడుకునే ఇంగ్లీషు. రాతలో బాగోదు.”

“ఇంగ్లీషు పేపర్లే రాస్తున్నాయి కదా.”

“పేపర్లు కాయలు అమ్మవు,” అంది హరిచందన తలెత్తకుండా.

అది మొదలు, రోజూ ఏదో ఒక పేచీ. మచ్చపడ్డ కాయల సంగతి ‘లుక్ ఇన్‌టు’ చేస్తామని అతను రాస్తే, ఆమె వచ్చి పక్కన కూర్చుని ‘ఇన్వెస్టిగేట్’ అని మార్చింది. మామిడికాయ మీద పోలీసు కేసు పెడుతున్నట్టుందని అతను అంటే, ఆమెకు నవ్వాగలేదు. ఆ నవ్వు కోసమే అతను అలాంటి మాటలు వెతికి మరీ రాయసాగాడు. ఆమె కూడా ఒక్కో మాటను చూసీ చూడనట్టు వదిలేసేది.

ఓ రోజు నలుగురి ముందు రవికిరణ్ నోరు జారాడు. హరిచందన మెయిల్ చదువుతుంటే కోర్టు నోటీసు అందుకున్నట్టు ఉంటుందన్నాడు. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

ఆ మధ్యాహ్నమే గాలివాన వచ్చింది. తోటల్లో కాయలు రాలిపోయాయి. కొరియాకు పంపాల్సిన బంగినపల్లి లోడు వారం ఆలస్యమవుతుంది. లోడు ‘పుట్ ఆఫ్’ చేస్తున్నామని రవికిరణ్ రాశాడు. హరిచందన చదివింది, ఒక్క అక్షరం మార్చకుండా పంపేసింది.

తెల్లారేసరికి జవాబు వచ్చింది. లోడు రద్దయింది కాబట్టి వేరేచోట కొనుక్కుంటామన్నారు. అక్కడెవరో వాయిదా అనే ‘పుట్ ఆఫ్’ని రద్దు అనే ‘కాల్ ఆఫ్’ అనుకున్నారు. ఆ సీజన్‌కి అదే పెద్ద ఆర్డరు.

ఎవరు రాశారని బసవపున్నారావు అడిగాడు. రవికిరణ్ నోరు విప్పేలోపే హరిచందన లేచి నిలబడింది.

“రాసింది ఆయన, చూసి పంపింది నేనండీ. ఆ మాట రాతలోనూ చెల్లుతుంది. కానీ చదివేవాళ్ళకి అర్థమవుతుందా అని నేను చూడాలి. కోపంలో చూడలేదు.”

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మళ్ళీ రాశారు. అతని మాటా లేదు, ఆమె మాటా లేదు. లోడు వారం తర్వాత బయల్దేరుతుందని చిన్నపిల్లలకి చెప్పినట్టు రాశారు. హరిచందన ఫోన్ చేసి నెమ్మదిగా వివరించింది కూడా. వాళ్ళు ఆగుతామన్నారు.

సాయంత్రం సన్నటి జల్లు. బస్సు కోసం వసారాలో నిలబడ్డ ఆమె దగ్గరికి వెళ్ళి, నిన్నటి మాటకు మన్నించమన్నాడు రవికిరణ్. ఆమె తలూపింది. అతను కదల్లేదు.

“నేను అలా రాసింది వాదించడానిక్కాదండీ. దిద్దడానికి మీరొచ్చి పక్కన కూర్చుంటారని.”

“తెలుసు,” అంది ఆమె వానను చూస్తూ. “దూరం నుంచి కూడా దిద్దొచ్చు. అయినా వచ్చి కూర్చున్నాను కదా.”

పెళ్ళి మాటలకు బాపులపాడు నుంచి తన అమ్మానాన్నల్ని ఆమె ఇంటికి తీసుకురావచ్చా అని అడిగాడు రవికిరణ్. బస్సు వచ్చి ఆగింది. ఆమె ఎక్కుతూ వెనక్కి తిరిగి, ఆదివారం అమ్మ ఇంట్లోనే ఉంటుందంది.

ఆదివారం రవికిరణ్ అమ్మానాన్నలతో వచ్చాడు. మాటలన్నీ అయ్యాక హరిచందన తల్లి సుబ్బరత్నమ్మ అందరి ఎదుటా కూతుర్ని అడిగింది.

“నీకిష్టమేనా అమ్మా?”

హరిచందన రవికిరణ్ వైపు ఒకసారి చూసి తల్లి చెయ్యి పట్టుకుంది.

“ఇష్టమేనమ్మా,” అంది.