మంచం కింది చెంబు

నా భార్య కిష్టమ్మ మనవరాలికి దొంగతనంగ నీళ్లు తాపిందని నాకు మొదలు చెప్పింది దవాఖాన ఆయా సరోజ. తర్వాత మా ఊరు పాన్‌గల్ అంతా చెప్పుకుంట తిరిగింది. ఆ పొద్దు నేను ఆడ్నే ఉన్న. చూసింది చూసినట్టు చెప్త.

మా శ్రీవాణికి తొమ్మిదేండ్లు. కాలువ గట్టు మీద సైకిల్ పడి, హాండిల్ గొంతు కింద గుద్దుకుంది. పైకి గాయం లేదు. మెడ మాత్రం ఉబ్బింది. వేలు పెడితే ఎండిన జొన్నాకు నలిగినట్టు చర్మం కింద కరకరమంది. వనపర్తి దవాఖానల డాక్టరమ్మ ఫొటోలు తీసి చెప్పింది.

"అన్నం పోయే గొట్టం చినిగింది. అతికేదాక నోట్ల చుక్క నీళ్లు కూడ పోయొద్దు. పోస్తే ఛాతిల కారి చీము పడ్తది. పాప దక్కదు."

పాలు కడుపుకు పెట్టిన సన్న పైపుల పోతుండె. పిల్ల నీళ్లకు ఏడ్సేది. పెదవులు పగిలినయి.

నేను కిష్టమ్మకు చెప్పిన. "కాలువ కాడ పడ్డ పిల్ల. ఏదో ఎంబడి వచ్చింటది. మంచం కింద చెంబెడు నీళ్లు పెట్టు. దాని దూప తీర్చుకోని అదే పోతది."

"డాక్టరమ్మ వద్దన్నది కదా!"

"నోట్ల పోయొద్దన్నది. మంచం కింద వద్దన్నదా?"

పెట్టింది. మా పెద్దల పద్ధతి అది.

పొద్దు గూకింది. మబ్బు కమ్మింది. కరెంటు పోయింది. వార్డంతా ఫినాయిల్ వాసన. దాంట్ల కలిసి... కాలువ బురద వాసన.

గుటుక్.

కిష్టమ్మ చేతులు రెండూ నా చేతులల్లనే ఉన్నయి.

గుటుక్... గుటుక్...

"శ్రీవాణీ, ఏం తాగుతున్నవే?"

"నేను తాగుతలేను తాతా." గుసగుస. "కింద అది తాగుతుంటే... నా దూప తీరుతుంది."

కరెంటు వచ్చింది. చెంబు ఖాళీ. నేల పొడిగ ఉంది. పిల్ల పెదవులు పొడిగనే ఉన్నయి. సరోజ వచ్చి చెంబు చూసి, కిష్టమ్మే తాపిందని నోరు పారేసుకుంది.

మర్నాడు డాక్టరమ్మ గొట్టం కారుతుందా చూసేటందుకు, ఫొటోల కనపడే మందు ఇంత మింగిచ్చి ఫొటో తీసింది. చుక్క కారలే. "ఇంత తొందర్గనా?" అని మళ్లొకసారి తీసింది. ఎన్నడూ చినగనట్టు ఉంది గొట్టం.

శ్రీవాణి ఇప్పుడు బడికి పోతుంది. కిష్టమ్మ చేతికి మాత్రం మా వాడల ఎవరూ పసిపిల్లను ఇయ్యరు.

సరోజా, ఒక్కపారి మా ఇంటికి రా. శ్రీవాణి నీళ్లు తాగేటప్పుడు దాని గొంతు చూడు. కదలదు. గుటక సప్పుడు... మంచం కిందికెల్లి వస్తది.

విన్నంక పదిమందిల నిలబడి చెప్పు. తాపింది మా కిష్టమ్మ కాదని.